పద్దెనిమిది జెండాల లేఅవుట్

ఇరవై రెండేళ్ళ వయసులో నాకున్న ఆస్తి ఒక్కటే, అనుమానం. అదైనా స్వార్జితం కాదు, మా మామ దగ్గర నుంచి వచ్చింది. డిగ్రీ అయిపోయి, ఆత్మకూరులో మా అమ్మ తమ్ముడు నడిపే మోటార్లు, పైపుల షాపులో కూర్చోవడం మొదలుపెట్టిన ఆ రోజుల్లో, మేమిద్దరం కలిసి లోకంలో దేన్నీ నమ్మేవాళ్ళం కాదు. ఎవరైనా షాపులోకి నవ్వుతూ వస్తే, వీడెందుకు నవ్వుతున్నాడని ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళం. (గిరాకీ తక్కువగా ఉండటానికి అదొక కారణమని ఇప్పుడు తోస్తోంది.) టీ కొట్టతను గ్లాసు నిండా పోసి పంపిస్తే, నిన్నటి టీ వేడి చేసి పంపాడేమోనని వాసన చూసేవాళ్ళం. ఏ చిన్న కాగితమైనా, చివరికి బస్సు టికెట్టయినా పారేసేవాళ్ళం కాదు. 'ఆధారం ఉండాలరా అబ్బయా, రేపు ఎవుడేమంటాడో' అనేవాడు మామ. నా చొక్కా జేబు ఎప్పుడూ ఉబ్బెత్తుగా ఉండేది.

మామకు ఆ గుణం పుట్టుకతో వచ్చింది కాదు. ఉదయగిరి కొండ దిగువన ఆయనకు తండ్రి ఇచ్చిన మెట్టచేను ఒకటుండేది. పక్క చేను పెద్దమనిషి, మామ ఊళ్ళో లేని రోజు చూసి, మనుషుల్ని పెట్టి హద్దురాయి పీకించి మామ చేలోకి జరిపి పాతించాడు. చెంచాలు చెక్కడానికి కొండ మీద నుంచి కర్ర తెచ్చుకుంటూ అటు వచ్చిన ఒక్క మనిషి అదంతా చూశాడు. ఉదయగిరిలో చెక్క చెంచాలు చేసే ఆయన్ని అందరూ చెంచాల భాయి అంటారు. మామకు బళ్ళో చదువుకున్నప్పటి నుంచీ ప్రాణస్నేహితుడు. చూసిన సంగతి మామకు వచ్చి చెప్పింది కూడా ఆయనే. తీరా పంచాయితీలో నలుగురి ముందు అడిగేసరికి, భాయి తల వంచుకుని 'నేను చూళ్ళేదు' అన్నాడు. రాయి కొత్త చోటే ఉండిపోయింది. నేల పోయినందుకు మామ పెద్దగా బాధపడలేదు. ఆ మాట మాత్రం ఆయనకు ముల్లులా లోపల ఉండిపోయింది. ఆ రోజు నుంచి భాయితో మాటల్లేవు. తప్పనిసరి కాగితాల మీద తప్ప మామ సంతకం పెట్టలేదు, సాక్షి సంతకమైతే సొంత తమ్ముడికి కూడా పెట్టలేదు. విచిత్రమేమిటంటే, భాయి ఎప్పుడో చేసిచ్చిన చెంచాను మాత్రం వదల్లేదు. 'మనిషి మంచోడు కాదు గానీ చెంచా మంచిదిరా' అంటూ దాంతోనే మజ్జిగన్నం తినేవాడు.

ఇలాంటి మా షాపుకు ఒకరోజు కంపెనీ ఏరియా సారు స్వీటు పెట్టెతో వచ్చాడు. ఆ సీజన్లో మోటార్లు బాగా అమ్మిన డీలర్లను (ఆ కరువు ఏడు మా దగ్గర కూడా తెగ అమ్ముడుపోయాయి) కంపెనీ తన ఖర్చుతో స్కాట్లాండు తీసుకుపోతుందట. అక్కడ వాళ్ళకు స్ప్రింక్లర్లు తయారుచేసే ఫ్యాక్టరీతో పొత్తు ఉందట. మామకు ఇంగ్లీషు రాదు కాబట్టి తోడుగా నేను కూడా రావచ్చట. సారు మెట్లు దిగేదాకా ఆగి, మామ స్వీటు పెట్టెను వేలితో అవతలికి నెట్టాడు.

"ఊరికే ఎవుడు తీసకపోతాడ్రా అంత దూరం? ఇది సైటు విజిట్టే."

సైటు విజిట్ అంటే మా వైపు తెలియనివాళ్ళు లేరు. ఏసీ బస్సు వాళ్ళే పంపిస్తారు. బిర్యానీ వాళ్ళే పెడతారు. తీరా దిగి చూస్తే ఎక్కడో బీడు నేల, దాని నిండా రంగు రంగుల జెండాలు, నంబర్లు వేసిన రాళ్ళు. షామియానా కింద కూర్చోబెట్టి, ప్లాటు కాగితం మీద సంతకం పడేదాకా బస్సు కదిలించరు. మా చుట్టాల్లో ఒకాయన వింజమూరు దగ్గర అలాగే బిర్యానీ తిని ప్లాటు కొన్నాడు. ఆ ప్లాటు ఎక్కడుందో ఆయనకు ఇంతవరకూ దొరకలేదు. బిర్యానీ మాత్రం బాగుందని ఇప్పటికీ చెబుతాడు. అంత తెలిసీ మేమెందుకు బయల్దేరామంటే, వెళ్ళకపోతే మా ఏజెన్సీ దుత్తలూరు డీలరుకు ఇచ్చేస్తారేమోనని ఇంకో అనుమానం. పెద్ద అనుమానం ముందు చిన్న అనుమానం ఓడిపోయింది.

ప్రయాణం సంగతి ఎక్కువ చెప్పను. విమానంలో మామ బెల్టు పెట్టుకోవడానికి ఒప్పుకోలేదు ('కట్టేసినాక ఏం చేస్తారో'), తర్వాత దిగేదాకా విప్పడానికీ ఒప్పుకోలేదు. హోటల్లో వాళ్ళ చెంచాలు ఏ మాంసంలో మునిగి తేలాయోనని, చొక్కా జేబులోంచి భాయి చెక్కిన చెంచా తీసి, బ్రెడ్డు మీద నిమ్మకాయ ఊరగాయ వేసుకుని తిన్నాడు. మూడో రోజు పొద్దున మా ముప్పైమంది డీలర్లను ఏసీ బస్సెక్కించారు. తలా ఒక భోజనం పొట్లం ఇచ్చారు. మామ నన్ను మోచేత్తో పొడిచాడు. నేనూ తల పంకించాను. ఏసీ బస్సు, భోజనం పొట్లం, ఇక జెండాలు కనబడటమే తరువాయి.

కనబడ్డాయి. సముద్రం ఒడ్డున, చెట్టన్నది లేని ఎగుడుదిగుడు నేల. ఇసుక దిబ్బలు, వాటి మీద గడ్డి, చెవులు తెగిపోయే గాలి. ఆ నేల పొడుగునా, దూరం దూరంగా, నంబర్లు వేసిన జెండాలు రెపరెపలాడుతున్నాయి. ఏరియా సారు బస్సు మెట్టు మీద నిలబడి, ఇది వందల ఏళ్ళ నాటి గోల్ఫ్ మైదానమనీ, ప్రపంచంలో పేరుమోసిన ఆటగాళ్ళందరూ ఇక్కడ ఛాంపియన్‌షిప్పులు ఆడి గెలిచారనీ, కర్రతో బంతిని కొట్టుకుంటూ పోయి జెండా కింద గుంటలో వెయ్యడమే ఆట అనీ, ఇక్కడి గడ్డికి నీళ్ళు చల్లేది మన కంపెనీ స్ప్రింక్లర్లేననీ చెప్పాడు. మిగతా డీలర్లు చప్పట్లు కొట్టారు. మేం ఆయన మాటల్లో సగమే విన్నాం. మోసం ఎక్కడుందో వెతకడానికి మిగతా సగం టైము సరిపోయింది.

"ఎన్ని జెండాలురా?" అన్నాడు మామ మంకీ క్యాపు సర్దుకుంటూ.

"పద్దెనిమిది అంటా ఉండారు మామా."

"పద్దెనిమిది ప్లాట్లు. ఒక్కోటి చూడు, ఎకరాలకు ఎకరాలుండాది. సముద్రం పక్కన బోరేస్తే ఉప్పునీళ్ళు తప్ప ఏమొస్తాయిరా? ఎవుడు కొంటాడని?" అంతలో ఆయన కన్ను అక్కడక్కడా నేలలో తవ్వి ఉన్న ఇసుక గుంటల మీద పడింది. (అవి ఆటలో బంతి పడకుండా తప్పించుకోవలసిన గుంటలని తర్వాత తెలిసింది.) మామ మొహం గంభీరమైంది. "చూసినావా? ఈడ గూడా ఇసక తోలేస్తా ఉండారు."

సరిగ్గా అప్పుడే చినుకులు మొదలయ్యాయి. ఆ చినుకుల్లో ఫ్యాక్టరీ వాళ్ళు స్ప్రింక్లర్లు తిప్పి చూపించారు. పై నుంచి వాన, కింద నుంచి స్ప్రింక్లరు. మామ నా చెవిలో, "వానలో నీళ్ళు చల్లే మిషను చూపించేదానికి ఇంత దూరం తెచ్చినారంటే, చెవిలో పువ్వు పెట్టుకుని వచ్చినామనుకుంటా ఉండారు" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ మాట నాకూ సబబుగానే తోచింది.

ఆ తర్వాత వచ్చింది అసలు ఘట్టం. మైదానంలోకి నడవాలంటే ఒక్కొక్కరూ ఒక ఫారం మీద సంతకం పెట్టాలన్నారు. బంతి వచ్చి తగిలితే తమ పూచీ లేదని దాని సారాంశం. నేను రెండుసార్లు చదివి మామకు తెలుగులో చెప్పాను. మామ చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"భోజనం పెట్టినాక సంతకం. నేనేం చెప్పినా? పెట్టేదే లేదు."

"అందరూ పెడుతున్నారు కదండీ, మీకొక్కరికే ఏమైంది?" అన్నాడు సారు, ఫ్యాక్టరీ వాళ్ళ ముందు పరువు పోతోందన్న కోపంతో.

"అందురూ పెట్టినారు సార్. మా వింజమూరాయనా పెట్టినాడు."

వింజమూరాయన ఎవరో సారుకు తెలియదు. చివరికి, మైదానం మధ్య నుంచి సముద్రానికి ఊరి జనం నడిచే కాలిబాట ఒకటి ఉందనీ, దాని మీద నిలబడడానికి సంతకం అక్కరలేదనీ చెప్పి, మమ్మల్ని అక్కడ వదిలేసి మిగతావాళ్ళను తీసుకుపోయారు. పోతూ పోతూ సారు నా వైపు చూసిన చూపులో మా ఏజెన్సీ దుత్తలూరు వైపు వెళ్ళిపోవడం నాకు కనిపించింది.

కాలిబాట మీద పది నిమిషాలు నిలబడ్డాం. మామ నిలబడలేకపోయాడు. రెండు దిబ్బల మధ్య పల్లంలో, చాప పరిచినట్టున్న పచ్చిక మీద ఒక జెండా మమ్మల్ని ఊరిస్తోంది. "జెండా కింద రాయి ఉంటాది గదా. నంబరేందో, ఎంత లోతు పాతినారో చూసొద్దాం రా" అన్నాడు. హద్దురాళ్ళ విషయంలో ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. దిగాం. జెండాకు పది అడుగుల దూరంలో ఉండగా, దిబ్బ అవతల నుంచి తెల్లటి వస్తువొకటి గాల్లో తేలివచ్చి పచ్చిక మీద పడింది. ఒక గెంతు గెంతి, మా కళ్ళ ముందే నెమ్మదిగా దొర్లుకుంటూ, దొర్లుకుంటూ వెళ్ళి జెండా మొదట్లో ఉన్న గుంటలో టక్కుమని పడింది.

"ఎవుడో మన మీదకు ఇసిరినాడ్రా!" అన్నాడు మామ. "తీసి జోబీలో పెట్టుకో. ఆధారం ఉండాల."

గుంటలో చెయ్యి పెట్టాను. రాయీ లేదు, నంబరూ లేదు. బంతి ఉంది. తీసి జేబులో వేసుకున్నాను. అప్పుడే దిబ్బ మీద ఇద్దరు తెల్ల ముసలివాళ్ళు చక్రాల సంచులు లాక్కుంటూ కనబడ్డారు. అందులో పొట్టాయన మందపాటి కళ్ళద్దాలు సవరించుకుంటూ పచ్చికంతా వెతికాడు. తర్వాత పొడుగు గడ్డిలోకి దిగి, కర్రతో గడ్డిని పాయలు తీస్తూ వెతికాడు. పొడుగాయన నా దగ్గరకు వచ్చి, ఇక్కడ బంతి ఏదైనా పడటం చూశావా అని మర్యాదగా అడిగాడు.

సంతకం పెట్టకుండా లోపలికి వచ్చాం. పైగా బంతి నా జేబులో ఉంది. పోలీసులు, పాస్‌పోర్టు, జైలు, పేపర్లో 'ఆత్మకూరు వాసి అరెస్టు', అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, చూడలేదని చెప్పాను.

"ఏమంటాడ్రా?" అన్నాడు మామ.

"బంతి చూసినారా అని అడుగుతా ఉండాడు."

"నువ్వేం చెప్పినావు?"

"చూళ్ళేదని చెప్పినా మామా."

మామ నా వైపు తిరిగాడు. ఆయన మొహంలో రంగు మారింది. పొడుగు గడ్డిలో ఆ కళ్ళద్దాల ముసలాయన ఇప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో తడుముతున్నాడు.

"ఎందుకట్ట చెప్పినావు?" అన్నాడు మామ, ఆయన్నే చూస్తూ.

"భయమేసింది మామా. సంతకం పెట్టకుండా వచ్చినాం గదా, ఏం చేస్తారోనని..."

"చూసినోడు చూళ్ళేదంటే అవతలోడికి ఎట్టుంటాదో నీకు తెలీదురా. నాకు తెలుసు. దా."

నా జేబులోంచి బంతి తీసుకుని, తిన్నగా వెళ్ళి ఆ ముసలాయన చెయ్యి పట్టుకుని లేవదీశాడు. జెండా దగ్గరకు తీసుకొచ్చాడు. ఆ తర్వాత మా మామ ఆడిన నాటకం నేను బతికున్నంతకాలం మర్చిపోను. యాభై దాటిన మనిషి, పంచె మీద స్వెట్టరు, స్వెట్టరు మీద మంకీ క్యాపు. బంతిని చెయ్యెత్తి పట్టుకుని, నోటితో 'సుయ్' మని శబ్దం చేస్తూ దిబ్బ మీద నుంచి పరుగెత్తుకొచ్చాడు. 'డబ్' అని పచ్చికకు తాకించాడు. ఒక గెంతు తనే గెంతాడు. ఆపైన నడుం వంచి, బంతిని చేత్తో దొర్లించుకుంటూ గుంట దాకా వెళ్ళి లోపల వదిలాడు. లేచి నిలబడి, రెండు వేళ్ళతో తన కళ్ళు చూపించుకుని, గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

కళ్ళద్దాల ఆయన టోపీ తీశాడు. గుంట ముందు అలాగే నిలబడిపోయాడు, వంగి బంతి తీసే ధైర్యం కూడా చెయ్యలేదు. ఇదేమిటో అర్థంకాక చూస్తుంటే పొడుగాయన చెప్పాడు. ఒక్క దెబ్బకే బంతి గుంటలో పడటం అనేది ఈ ఆటలో చాలామందికి జన్మలో ఒక్కసారి కూడా జరగదట. ఈయన తండ్రి ఈ మైదానంలోనే గడ్డి కోసే పని చేసేవాడట. ఈయన పదేళ్ళప్పటి నుంచీ ఇక్కడే ఆడుతున్నా ఎన్నడూ పడలేదట. చూపు బాగా మందగించి, కొట్టిన బంతి ఎటు పోయిందో కనబడక, ఈ ఏడుతో ఆపేద్దామనుకుంటున్నాడట. అంతా చెప్పి, పొడుగాయన నన్ను తేరిపార చూశాడు. ఇందాక లేదన్నావు, ఇప్పుడు నీ జేబులోంచే బంతి వచ్చింది, ఏది నమ్మాలి అన్నాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. మా షాపులో గల్లాపెట్టె వెనక కూర్చుని నేను రోజూ జనాన్ని చూసే చూపు అదే. మొదటిసారి అది నా మీద పడింది. సిగ్గుతో చచ్చిపోయాను. భయపడి అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. ఆయన మామ వైపు ఒకసారి చూసి, క్లబ్బు రిజిస్టరులో సాక్షి సంతకం పెడతారా అని అడిగాడు.

ఇంక అయిపోయిందనుకున్నాను. మామకు తెలుగులో చెప్పి, ఆయన చేతులు వెనక్కి పోవడం కోసం ఎదురుచూశాను. పోలేదు.

"పెడతానని చెప్పు" అన్నాడు మామ.

క్లబ్బులో గోడల నిండా పాత ఛాంపియన్ల ఫోటోలు. కబురు అప్పటికే పాకిపోయి జనం మూగారు. ఒక్క దెబ్బకు బంతి వేసినవాడు అందరికీ మందు పోయించడం అక్కడి ఆచారమట. (మామ నా వైపు వంగి 'మందు గూడా మొదలుపెట్టినారు, జాగర్త' అన్నాడు. మనిషి మరీ అంత మారిపోలేదు.) మా డీలర్లందరూ లోపలికి వచ్చేసరికి మామ తోలు అట్ట రిజిస్టరు ముందు కూర్చుని ఉన్నాడు. ఏరియా సారు నోరు తెరిచాడు.

"ఆ ఫారం మీద పెట్టనన్నారే! దీని మీద ఎలా పెడుతున్నారు?"

"అది నేను చూడంది సార్" అన్నాడు మామ, పెన్ను క్యాపు తీస్తూ. "ఇది నేను చూసింది."

తెలుగులో, గుండ్రటి అక్షరాలతో, రిజిస్ట్రేషన్ ఆఫీసులో రాసినట్టే రాశాడు. తన పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం, నెల్లూరు జిల్లా, కింద సంతకం. రాసి, పెన్ను నాకు అందించాడు. నేను వెనక్కి తగ్గాను.

"నేనెందుకు మామా? నేను ముందు లేదని..."

"అందుకే పెట్టమనేది. ఇద్దరు సాక్షులుంటేనేరా చెల్లేది."

పెట్టాను. ఆ సంతకం ఇప్పటికీ అక్కడ వంకరగానే ఉండి ఉంటుంది. కళ్ళద్దాల ముసలాయన వచ్చి మామ చేతులు రెండూ పట్టుకుని ఏదో అన్నాడు. ఆ యాసలో ఇంగ్లీషు నాకూ అర్థం కాలేదు. మామ మాత్రం అంతా అర్థమైనట్టు తల ఊపాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మామ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ప్లాట్ల మాట ఎత్తలేదు. నాతో అన్నాడో తనలో తాను అనుకున్నాడో, "భాయికి గూడా నీ మాదిరే భయమేసుంటాదిరా" అన్నాడు. "ఆ పెద్దమనిషి చేలో నుంచే గదా వాడు కర్రకు పొయ్యేది. పెళ్ళాం బిడ్డలు గలోడు." జేబులోంచి చెంచా తీసి చేతిలో తిప్పాడు. "నిన్ను అడిగినానే ఎందుకట్ట చెప్పినావని, వాణ్ణి ఒక్క తూరి గూడా అడగలా. ఇన్నేళ్ళు."

ఊరికి వచ్చిన నాలుగో రోజు నన్ను బండి తియ్యమన్నాడు. ఉదయగిరిలో భాయి ఇంటి ముందు ఆపించాడు. భాయి వసారాలో కూర్చుని ఉలితో చెక్క చెక్కుతున్నాడు. మమ్మల్ని చూసి ఉలి ఆగింది. మామ జేబులోంచి పాత చెంచా తీసి ఆయన ముందు పెట్టాడు.

"ఇది అరిగిపొయినాది. ఇంకోటి చెయ్యి."

భాయి చెంచా తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. అంచు అరిగి అరిగి కాగితంలా అయిపోయింది.

"దీంతోనే తింటా ఉండావా, ఇన్నేళ్ళూ?"

"ఇంకెవురు చేసినా నోటికి గుచ్చుకుంటాదిరా."

భాయి తల వంచుకుని చెక్కపొట్టు చేత్తో అవతలికి తోశాడు. మామ కూర్చునేంత చోటు ఖాళీ అయింది. మామ కూర్చున్నాడు. నేను బండి దగ్గరే నిలబడి, కళ్ళలో చెక్కపొట్టు పడినట్టు నటించాను.

మా ఏజెన్సీ ఎక్కడికీ పోలేదు. మామ ఇప్పటికీ టీ వాసన చూసే తాగుతాడు. నేనూ ఏమీ బాగుపడలేదు, మొన్న నెల్లూరు నుంచి ఎవరో ఫోన్ చేసి ఉచిత సైటు విజిట్, బిర్యానీ భోజనం అంటే దణ్ణం పెట్టి కట్ చేశాను. ఉబ్బెత్తు జేబుతో, ఒక ముసలాయన జన్మకు ఒక్కసారి దొరికిన సంతోషాన్ని ఆధారం కింద దాచుకుని నిలబడ్డ ఆ ఇరవై రెండేళ్ళవాణ్ణి తలుచుకుంటే మాత్రం నవ్వూ వస్తుంది, వాడి మీద కాస్త జాలీ వేస్తుంది. లోకాన్ని నేను ఇప్పటికీ తేలిగ్గా నమ్మను. కానీ ఎవరైనా దగ్గరకొచ్చి 'మీరు చూశారా' అని అడిగితే, జేబు మీద ఉన్న నా చెయ్యి దానంతటదే కిందికి దిగిపోతుంది.